రైలుకట్టకు అవతల

గుంటూరులో జహీర్ వాళ్ళుండే వాటాను ఉగాదికల్లా ఖాళీ చెయ్యమని ఇంటాయన చెప్పాడు. బతిమాలితే శ్రీరామనవమి దాకా గడువిచ్చాడు. ఆ తరవాత గడువు మాట ఎత్తలేదు గాని, నెల నెలా అద్దె పెంచుతూ పోయాడు.

జహీర్ ఆటోనగర్‌లో డీజిలు పంపుల మెకానిక్కు. అతని భార్య జెబా ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. ఇంట్లో తెలుగే మాట్లాడుకునే దూదేకుల కుటుంబం వాళ్ళది. ఇద్దరి జీతాలూ చూసి బ్యాంకు ఇస్తానన్న లోనుకు గుంటూరులో వచ్చేవి మూడో అంతస్తులో రెండు గదులు. లిఫ్టు ఉండదు. జహీర్ తల్లి మైమూనాకు ఆయాసం. పది మెట్లెక్కితే గోడ పట్టుకుని నిలబడిపోతుంది.

అందుకని ప్రతి ఆదివారం మొగుడూ పెళ్ళాం రైలెక్కి, పెదకూరపాడు వైపు ఒక్కో స్టేషన్లో దిగి ఇళ్ళు చూస్తూ వచ్చారు. ఒకచోట బోరు నీళ్ళు నోట పెట్టలేనంత ఉప్పు. ఒకచోట కాగితాల్లో ఉన్న దారి నేల మీద లేదు. ఇంకోచోట అన్నీ కుదిరాయి గాని, వీళ్ళ పేర్లు విన్నాక ఇంటావిడ "మా ఆయన్ని అడిగి చెబుతా" అని, ఆపైన ఫోనెత్తలేదు. అట్లా ఇరవై రెండు ఇళ్ళయ్యాయి.

ఇరవై మూడోది ముత్తేలపాలెంలోది. మే నెల ఎండలో మధ్యవర్తి మధుబాబు స్టేషను దగ్గరే ఎదురొచ్చి వాళ్ళను ఆటో ఎక్కించాడు. ఆటో ఊళ్ళోకి పోకుండా ఎడమకు తిరిగి, రైలుకట్ట కింద తవ్విన అండర్‌పాస్‌లో దూరి అవతలికి తేలింది. అక్కడ పత్తి చేల మధ్య తొమ్మిది ఇళ్ళ కొత్త కాలనీ.

"ఇదివరకు ఇక్కడ రైల్వే గేటుండేది జహీరన్నా. పడిందంటే అర్ధగంట. ఇప్పుడు గేటు తీసేశారు. ఆగే పనే లేదు. ఇంట్లోంచి బయల్దేరితే పది నిమిషాల్లో స్టేషను, ముప్పావుగంటలో గుంటూరు," అన్నాడు మధుబాబు.

ఇల్లు చూడగానే జెబాకు నచ్చింది. రెండు పడకగదులు, నేల మీద నుంచి ఒకే ఒక్క మెట్టు, వంటింట్లో పెద్ద కిటికీ. వాళ్ళతో వచ్చిన కూతురు సుహానా ఖాళీ గదుల్లో అరుస్తూ తన గొంతు తనే వింటూ తిరిగింది. ధర మిగతా చోట్ల కంటే మూడో వంతు తక్కువ. ఎందుకని జెబా అడిగింది. ఓనరు జానకిరామయ్య గుంటూరులో మిర్చి వ్యాపారం పెట్టుకున్నాడనీ, ఇటు వచ్చే తీరిక లేక అమ్మేస్తున్నాడనీ మధుబాబు చెప్పాడు.

పక్కింటి నాగేంద్రమ్మ చెంబుతో చల్లటి నీళ్ళు తెచ్చింది. యాభై అయిదేళ్ళ మనిషి. బొట్టు లేదు. నీళ్ళు తాగి చెంబు తిరిగిస్తూ జెబా అడిగింది.

"పిన్నీ, వానలొస్తే ఆ కింది దారిలో నీళ్ళు నిలబడతాయా?"

నాగేంద్రమ్మ ముందు మధుబాబు వైపు చూసింది. తరవాత తమ తమ గేట్ల దగ్గర నిలబడి ఉన్న కాలనీ వాళ్ళ వైపు చూసింది.

"నిలబడవమ్మా. వచ్చినా గంటలో లాగేస్తయ్," అంది.

తిరిగి వచ్చేటప్పుడు అండర్‌పాస్ గోడ మీద, మనిషి తల కంటే పైన, ఒండ్రుమట్టి చార ఒకటి ఈ చివరనుంచి ఆ చివరకు కనిపించింది జెబాకు. ఏంటది అంటే, లారీలు రాసుకుపోయిన మట్టి అన్నాడు మధుబాబు. లారీ మట్టి అంత తిన్నగా గీత గీసినట్టు ఉండదని ఆమెకు తెలుసు. కాని ఇరవై రెండు ఇళ్ళు చూసి ఉంది. ఆ కిటికీ ముందు నిలబడి వంట చేసుకోవడం అప్పటికే మనసులో మొదలుపెట్టింది. ఇంకేమీ అడగలేదు.

జూన్‌లో అగ్రిమెంటు రాసుకున్నారు. అడ్వాన్సు రెండు లక్షలు. అందుకోసం జెబా తన పుట్టింటివాళ్ళు పెట్టిన నాలుగు గాజులూ అమ్మింది. మూడు నెలల్లో రిజిస్ట్రేషను కావాలి. కొనేవాళ్ళు వెనక్కి తగ్గితే అడ్వాన్సు రాదు. ఆ మాట కాగితం మీద సన్న అక్షరాల్లో కాదు, అందరికీ కనబడేట్టే ఉంది. వెనక్కి తగ్గే ఆలోచన ఎవరికీ లేదు కాబట్టి ఎవరూ దాని దగ్గర ఆగలేదు. లోను వచ్చేలోపు సున్నాలు వేయించుకోమని ఓనరు తాళం కూడా ఇచ్చాడు.

ఆగస్టు చివర రెండు రోజుల వాయుగుండం పట్టింది. మొదటి రోజు పొద్దున, వాన ముదరకముందే, మైమూనా మనవరాలిని తీసుకుని ముత్తేలపాలెం వెళ్ళింది. శనివారం బడి లేదు, ఇల్లు కడిగించి వస్తానంది. సాయంత్రం కొడుకూ కోడలూ డ్యూటీలు దిగి రైల్లో వచ్చి వాళ్ళను తీసుకుపోవాలన్నది అనుకున్న మాట.

నాలుగు గంటలకు జెబా ఫోను మోగింది. సుహానా.

"అమ్మా, వీధిలోకి నీళ్ళొచ్చినయ్. నానమ్మకు ఆయాసం వచ్చింది. పీల్చే మందు కొడుతుంటే ఏం రావట్లా."

"ఊపితే చప్పుడవుతోందా?"

"లేదమ్మా. ఖాళీ అయిపోయింది."

జెబా గొంతు మారకుండా చూసుకుంది. నానమ్మను పడుకోబెట్టొద్దనీ, ముందుకు వంచి కూర్చోబెట్టమనీ, పక్కింటి పిన్నిని పిలవమనీ చెప్పింది. ఆసుపత్రి కిందే ఉన్న మందుల షాపులో కొత్త ఇన్‌హేలరు కొని, జహీర్‌కు ఫోను చేసి, అంబులెన్సుకు ఫోను చేసి, అయిదు గంటల రైలందుకుంది. జహీర్ పని బట్టలతోనే, చేతులకు డీజిలు మసితోనే కదిలే రైలెక్కాడు.

రైలు మామూలుకంటే నెమ్మదిగా నడిచింది. లైను పక్క చేలన్నీ చెరువుల్లా ఉన్నాయి. సగం దారిలో ఉండగా అంబులెన్సు డ్రైవరు ఫోను చేశాడు.

"మేడం, అండర్‌పాస్ కాడున్నాం. నీళ్ళు నిండుగా ఉన్నయ్. అవతలికి ఇంకో దారి లేదంట. ఏం చెయ్యమంటారు?"

"అక్కడే ఉండండి. వెళ్ళిపోవద్దు. పేషంటును మేమే తెస్తాం," అంది జెబా.

"ఎట్లా తెస్తారండీ?"

జెబా ఫోను పెట్టేసింది. జహీర్ కిటికీ చువ్వ పట్టుకుని బయటకు చూస్తున్నాడు.

వాళ్ళు వెళ్ళేసరికి అండర్‌పాస్ నోటి దగ్గర అంబులెన్సు లైటు తిరుగుతోంది. నీళ్ళు పైకప్పుకు జానెడు కిందుగా, ఎర్రగా, కదలకుండా నిలబడి ఉన్నాయి. జహీర్ చెప్పులు విడిచి దిగబోయాడు. డ్రైవరు చొక్కా పట్టి వెనక్కి లాగాడు.

"ఒరేయ్, సచ్చిపోతావ్. లోపల కరెంటు వైర్లున్నయ్."

గొడుగేసుకుని అక్కడే నిలబడ్డ ముసలాయన ఒకడు పైకి చెయ్యెత్తి చూపించాడు. "కట్టెక్కి పోవాల. స్టేషను కాణ్ణించి పట్టాల మీద నడవండి. కాలనీవోళ్ళు వానాకాలమంతా అట్టాగే పోతారు."

వానాకాలమంతా. ఆ మాట జెబా విన్నది. అప్పుడు దాని గురించి ఆలోచించడానికి టైము లేదు.

స్ట్రెచర్ పట్టుకుని ఒక అంబులెన్సు కుర్రాడు కూడా బయల్దేరాడు గాని, కట్ట దగ్గరకొచ్చి స్ట్రెచర్ అక్కడే పెట్టేశాడు. అంత నిట్టనిలువు మీద అది నిలవదు. జహీర్, జెబా ఇద్దరే స్లీపర్ల మీద అడుగులేస్తూ అరకిలోమీటరు నడిచారు. వాన ముఖాన కొడుతోంది. ఇంకా చీకటి పడలేదు, కాని వెలుతురు తగ్గుతోంది. కాలనీ ఎదురుగా కట్ట దిగి, మోకాటిలోతు నీళ్ళలో ఇంటికి చేరారు.

మైమూనా నాగేంద్రమ్మ భుజానికి ఆనుకుని కూర్చుని ఉంది. నోరు తెరిచి గాలి లాగుతోంది. గాలి లోపలికి పోతున్న చప్పుడుంది గాని పోతున్నట్టు లేదు. సుహానా విసనకర్రలాగా పుస్తకం అట్టతో విసురుతోంది. జెబా మందు కొట్టింది. ఒకసారి, ఇంకోసారి. అత్త చేతి గోళ్ళు చూసింది. నీలం తిరిగి ఉన్నాయి.

"దీంతో సరిపోదు. ఆక్సిజన్ పెట్టాల. ఇప్పుడే పోవాల."

జహీర్ తల్లిని వీపు మీదకెత్తుకున్నాడు. నాగేంద్రమ్మ తన ఇంట్లోంచి పాత చీర తెచ్చి, ఇద్దర్నీ కలిపి నడుముకు చుట్టి ముడేసింది. అట్లా ఎక్కడ ముడి వెయ్యాలో, ఎంత బిగించాలో ఆమెకు తెలిసినట్టుంది.

"నా వెనకమాల రండి. మీరు దిగిన కాడ ఎక్కలేరు. ఇటు మెట్లున్నయ్."

కట్ట వాలులో, తుమ్మచెట్టు పక్క, మట్టిని తవ్వి బండరాళ్ళు పెట్టిన మెట్లు. ఆమె ముందు ఎక్కుతూ ఏ రాయి కదులుతుందో చెబుతోంది. వెనక సుహానా చెయ్యి పట్టుకుని జెబా. సగం ఎక్కేసరికి పైన పట్టాలు సన్నగా మోగడం మొదలైంది.

"బండొస్తంది. ఆగండి! ఎక్కడోళ్ళక్కడ ఆగండి!" అని అరిచింది నాగేంద్రమ్మ.

సిమెంటు గూడ్సు. ఒక్కో వ్యాగనూ నెత్తి మీదుగా పోతున్నట్టు కట్టంతా అదిరింది. జహీర్ రెండు చేతులతో గడ్డి దుబ్బులు పట్టుకుని, బోర్లా వాలుకు అతుక్కుపోయాడు. అతని కాలి కింద రాయి ఊడి కిందకు దొర్లింది. నాగేంద్రమ్మ కిందకు వంగి అతని చెయ్యి పట్టుకుంది. వ్యాగన్లు పోతూనే ఉన్నాయి. ఆ చప్పుడులో మైమూనా గాలి తీస్తోందో లేదో వినబడటం లేదు. జెబా పైకి చెయ్యి చాపి అత్త పాదం పట్టుకుంది. ఆ పాదం వేళ్ళు ముడుచుకుంటూ విప్పుకుంటూ ఉన్నంతసేపూ ఆమె కూడా ఊపిరి తీసింది.

బండి పోయింది. పైకెక్కారు. పట్టాలు దాటి అవతల దిగడానికి అంబులెన్సు కుర్రాడు, ఊరివాళ్ళిద్దరు సాయం వచ్చారు. ఆక్సిజన్ పెట్టాక, తలుపు వెయ్యబోతూ జహీర్ అడిగాడు.

"ఆ మెట్లు ఎవరు పెట్టారు పిన్నీ?"

నాగేంద్రమ్మ తడిసిన చీర కొంగు పిండుకుంటూ నిలబడి ఉంది. జెబా ముఖం చూడలేదు.

"పోయినేడు మా ఆయనకు గుండెల్లో నొప్పొస్తే మొగోళ్ళు తవ్వారు. తవ్వి, పైకి తెచ్చేసరికి..." అని ఆగిపోయింది.

మైమూనా నాలుగు రోజులు గుంటూరు ఆసుపత్రిలో ఉండి బతికి బయటపడింది.

అయిదో రోజు జహీర్ అడ్వాన్సు వెనక్కి అడగడానికి మధుబాబు ఆఫీసుకు పోయాడు. అరుస్తాడనుకున్నాడేమో, మధుబాబు ముందే టీ తెప్పించి పెట్టాడు.

"నువ్వు చెప్పేదాంట్లో న్యాయం ఉంది జహీరన్నా. కాదన్ను. కాని జానకిరామయ్య ఆ డబ్బు సరుకు మీద పెట్టేశాడు. అగ్రిమెంటు ప్రకారం ఇయ్యక్కర్లేదంటాడు. కోర్టుకు పోతావా, పదేళ్ళు. నా మాట విను. ఇంకో పార్టీని చూశా. మీ అగ్రిమెంటు వాళ్ళ పేరు మీదకు మారుద్దాం. మీ రెండు లక్షలు వాళ్ళే ఇస్తారు. ఆదివారం వస్తున్నారు. మీరిద్దరు అక్కడుంటే చాలు. కొనుక్కున్నోళ్ళు కళ్ళ ముందుంటే నమ్మకం కుదురుద్ది."

"ఎందుకు వదిలేస్తున్నారని అడిగితే?"

"నర్సరావుపేటలో కుదిరిందను. అంతే గదా!"

ఆ మాట జహీర్ ఇంట్లో చెప్పినప్పుడు జెబా కంచంలో చెయ్యి పెట్టి ఉంది. తియ్యలేదు, తినలేదు.

"మనకు చేసిందే వాళ్ళకు చేద్దామంటారా?"

"మనం చెయ్యటల్లేదే. మధుబాబు చేస్తున్నాడు. మనం ఊరకుంటాం."

"నేనడిగిన రోజు గేట్ల దగ్గర కాలనీవాళ్ళు కూడా ఊరకే నిలబడ్డారు."

"నీ గాజులు జెబా," అన్నాడు జహీర్. "మీ నాయన కుట్టు మిషను తొక్కి తొక్కి చేయించినయ్. అవి నా కోసం పోయినయ్ అనుకుంటే నాకు నిద్ర పట్టటల్లేదు. ఇంకోసారి నీకు చేయించే శక్తి నాకు ఉందో లేదో. వాళ్ళు వస్తారు, చూస్తారు. నువ్వు ఒక్క మాట అనొద్దు. అబద్ధం నేనాడతా. ఆ పాపం నాది."

మంచం మీద ఆనుకుని కూర్చున్న మైమూనా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "గాజులు దానియ్యి. నోరు కూడా దానిదే. నువ్వు మూయమంటే ఎట్టా?" అని, మళ్ళీ కాసేపటికి, "కాని ఇల్లు లేకపోతే కూడా కష్టమేగా తల్లీ," అంది.

జెబా ఆ రాత్రి ఆలోచించి, నోరెత్తనని మాటిచ్చింది. మనస్ఫూర్తిగానే ఇచ్చింది. నెలాఖరుకు ఖాళీ చెయ్యాలని ఇంటాయన కొత్తగా గడువు పెట్టి ఉన్నాడు.

ఆదివారం ఎండ కాసింది. అండర్‌పాస్‌లో నేల ఆరింది. గోడలకు ఈ చివరనుంచి ఆ చివరకు తెల్లగా కొత్త సున్నం. దాని వాసన ఇంకా పోలేదు.

వచ్చినవాళ్ళ పేర్లు పవన్, అమూల్య. అతను గుంటూరులో కోల్డ్ స్టోరేజీలో గుమస్తా. ఆమెకు ఏడో నెల. ఆటో దిగి నడుస్తుంటే జెబా చూపు ముందు ఆమె పాదాల మీద పడింది. వాచి ఉన్నాయి. చెప్పుల పట్టీలు లోపలికి దిగబడి ఉన్నాయి. బీపీ ఎంతుందో, ఎవరన్నా చూస్తున్నారో లేదో అనుకుంది. వెంటనే ఆ ఆలోచన పక్కకు నెట్టి గోడ వైపు తిరిగింది.

ఇల్లు చూశారు. అమూల్య వంటింటి కిటికీ దగ్గర నిలబడింది. బయట పత్తి పూత మీద ఉంది.

"ఇక్కడుంటే ఎంత గాలో! మీరెందుకు వదిలేస్తున్నారక్కా?" అని అడిగింది జెబాను.

"మాకు నర్సరావుపేటలో కుదిరిందమ్మా," అన్నాడు జహీర్. గుక్క తిప్పుకోకుండా అన్నాడు. అని, బయటకు పోయి మెట్టు మీద కూర్చున్నాడు.

పవన్ కొలతలు అడుగుతున్నాడు. మధుబాబు చెబుతున్నాడు. కాలనీవాళ్ళు గేట్ల దగ్గర నిలబడ్డారు. నాగేంద్రమ్మ నీళ్ళ చెంబుతో వచ్చింది. ఆమెను చూడగానే అమూల్య ఆసరా దొరికినట్టు చెయ్యి పట్టుకుంది.

"పెద్దమ్మా, నాకు నవంబరు చివర కాన్పు. ఈయన పొద్దునపోతే రాత్రికి వస్తారు. నేనొక్కదాన్నే ఉంటా. వానొస్తే ఆ కింద దారికి ఏం ఇబ్బంది ఉండదు గదా?"

నాగేంద్రమ్మ మధుబాబు వైపు చూసింది. గేట్ల వైపు చూసింది. జెబాను మాత్రం చూడలేదు. చెంబులో నీళ్ళు అంచు దాటి చేతి మీద పడుతున్నాయి.

"నిలబడవ..." అని మొదలుపెట్టింది.

"నిలబడతాయి," అంది జెబా.

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని తెలియడానికి ఆమెకు కాస్త సమయం పట్టింది. ఇక ఆపుకోలేదు.

"తల మీద దాకా నిలబడతాయి. రెండు రోజులు లాగవు. అంబులెన్సు ఇటు రాలేదు. పోయిన వారం మా అత్తకు ఊపిరాడకపోతే ఆ కట్టెక్కి పట్టాల మీద మోసుకుపోయాం. మేం సగంలో ఉండగా బండొచ్చింది. మాకు నర్సరావుపేటలో ఏం కుదర్లేదు. మా అడ్వాన్సు ఇరుక్కుపోయింది, దానికోసం మిమ్మల్ని పిలిపించారు. నువ్వు ఇక్కడ కాన్పుకు ఉండొద్దమ్మా. నీ కాళ్ళు వాచినయ్, ముందు పోయి బీపీ చూపించుకో."

ఒక్కసారే అందరూ మాట్లాడారు.

"చెల్లెమ్మా, నీ డబ్బు నువ్వే నీళ్ళల్లో పోసుకున్నావ్," అన్నాడు మధుబాబు. ముఖం నల్లగా మాడిపోయింది.

ఎదురింటాయన గేటు తోసుకుని వచ్చాడు. "ఏందమ్మే, నీకు ఇల్లొద్దంటే పో. మా కొంపలెందుకు ముంచుతావ్? అప్పులు చేసి కట్టుకున్నాం. ఇంక ఈడ ఎవడు కొంటాడు? నువ్వు కొంటావా?" అంటూ జెబా ముఖం మీదకు వేలు పెట్టాడు.

జహీర్ మెట్టు మీద నుంచి లేచి మధ్యలోకి వచ్చి నిలబడ్డాడు. చెయ్యెత్తలేదు.

"ఆమెను ఏమనొద్దు. ఆమె చెప్పింది నిజం. అబద్ధం నేనాడా. అనేదేదో నన్నను."

ఆ మనిషి కొడతాడనే అనుకున్నారందరూ. అప్పుడు నాగేంద్రమ్మ చెంబు కింద పెట్టి, గట్టు మీద కూలబడింది.

"నువ్వెళ్ళు అమ్మాయ్," అంది అమూల్యతో. "మా ఆయన ఆ పట్టాల మీదే పోయాడు. ఇల్లమ్ముకుని శావల్యాపురం మా చెల్లెలి కాడికి పోదామని నేనీ అబద్ధం చెబుతున్నా. ఇప్పటికి ముగ్గురికి చెప్పా. ఇంక నా వల్ల కాదు."

ఎదురింటాయన వేలు దించాడు. నాగేంద్రమ్మ భర్తను కట్టెక్కించిన వాళ్ళలో అతనొకడు.

పవన్, అమూల్య అదే ఆటోలో వెళ్ళిపోయారు. ఎక్కేముందు అమూల్య వెనక్కి వచ్చి జెబా ఫోను నంబరు అడిగి రాసుకుంది.

తిరుగు రైల్లో జహీర్ ఎదురు సీట్లో కూర్చున్నాడు. ఇంటికొచ్చాక నాలుగు రోజులు కావలసినంత వరకే మాట్లాడాడు. కోపమో, సిగ్గో జెబాకు తెలియలేదు. అయిదో రోజు పొద్దున ఆమె డ్యూటీకి బయల్దేరుతుంటే, చెప్పులేసుకుంటూ, "నేను చెప్పాల్సిన మాట నీతో చెప్పించా," అన్నాడు. ఆమె క్యారేజీ అందుకుని, "పదండి, ఆలస్యమవుతోంది," అంది. ఇద్దరూ కలిసి నడిచారు.

పదిహేను రోజులకు నాగేంద్రమ్మ ఫోను చేసింది. కాలనీలో పెద్ద గొడవే అయిందట. తొమ్మిది ఇళ్ళవాళ్ళూ తిట్టుకుని, ఆఖరికి ఇక దాచేందుకు ఏమీ మిగల్లేదు కాబట్టి కలెక్టరాఫీసులో అర్జీ పెడదామనుకున్నారట. రాసేవాళ్ళు కావాలి. ఎదురింటాయనే జెబా పేరు చెప్పాడని ఆమె అంటే, జెబా మొదట నమ్మలేదు.

సోమవారం సెలవు పెట్టి నరసరావుపేట కలెక్టరాఫీసుకు వెళ్ళింది. మైమూనా ఆసుపత్రి కాగితాలు, నీళ్ళ ఫోటోలు జతచేసి రెండు పేజీల అర్జీ రాసింది. మొదటి సంతకం నాగేంద్రమ్మ పెట్టింది. నెల తిరిగేసరికి అండర్‌పాస్ దగ్గర నీళ్ళు తోడే మోటారు బిగించారు. కరెంటున్నప్పుడు అది పనిచేస్తుంది. లేనప్పుడు జనం ఇప్పటికీ కట్టెక్కుతున్నారు. దాని మీద రెండో అర్జీ నడుస్తోంది.

నాగేంద్రమ్మ మరో పని కూడా చేసింది. ఎవరికీ చెప్పకుండా గుంటూరు పోయి, జానకిరామయ్య కొట్టు ముందు రెండు రోజులు కూర్చుంది. వచ్చిన ప్రతి రైతుకూ ఆ ఇంటి కథ మొదటినుంచీ చెప్పింది. మూడో రోజు అతను జహీర్‌ను పిలిచి సగం డబ్బు ఇచ్చాడు. మిగతా సగం ఇస్తానన్నాడు గాని, ఇవ్వలేదు.

జహీర్‌కు మాత్రం ఒక అలవాటైంది. వాన పడితేనే ఇళ్ళు చూడ్డానికి వెళ్ళేవాడు. కార్తీకంలో ఒక రోజు కుండపోత పోస్తుంటే ముత్తేలపాలెంలోనే దిగి, కట్టకు ఇవతల, స్టేషనుకు దగ్గరగా ఉన్న ఒక పాత రేకుల ఇంటి వసారాలో రెండు గంటలు కూర్చున్నాడు. ఆ ఇంటి ముసలామె విసుక్కుంది.

"ఏం చూస్తన్నావ్ నాయనా?"

"నీళ్ళు ఎటు పోతున్నాయో చూస్తున్నా అవ్వా. ఈ ఇంట్లో బాగోనిది ఏందో చెప్పు. బాగున్నది నాకు కనబడుతూనే ఉంది."

ముసలామె వేళ్ళు ముడుస్తూ లెక్కపెట్టింది. "వంటిల్లు కారుద్ది. పక్కింటోడు తాగొచ్చి అరుస్తాడు. గదులు చిన్నయ్యి. దారి మాత్రం నా ఎరికలో మునగలా," అంది.

జహీర్ అక్కణ్ణించే జెబాకు ఫోను చేశాడు. మరుసటి రోజు ఆమె వచ్చి, అత్త మంచం ఎక్కడ పడుతుందో అడుగులతో కొలుచుకుని, పక్కవీధిలో నాలుగిళ్ళ తలుపులు తట్టి అడిగి, సరేనంది. రిజిస్ట్రేషను క్రిస్మస్ ముందు అయింది. అమూల్య ఆడపిల్లను కన్నదని కబురు అప్పటికే వచ్చింది.

ఇల్లు మారిన మూడో రోజు చిన్న జల్లు పడి వంటిల్లు కారింది. పక్కింటాయన అరిచాడు కూడా. జెబా కారేచోట బకెట్టు పెట్టి, పొయ్యి కాస్త పక్కకు జరిపి, రెండు క్యారేజీల్లో అన్నం సర్దింది. బయట జహీర్ గొడుగు విప్పుతూ రైలు టైమైందని పిలిచాడు.